పూలదండ కోసం చెట్టెక్కినవాళ్లు: హార్వర్డ్ క్లాస్ డే కథ

ఉట్టి కొట్టడం చూసినవాళ్లకి ఈ దృశ్యం ఊహించుకోవడం పెద్ద కష్టం కాదు. జూన్ నెల, సాయంత్రం వేళ. కాలేజీ ఆవరణలో ఒక పెద్ద ఎల్మ్ చెట్టు. మాను చుట్టూ, మనిషి చేతికి అందనంత ఎత్తులో పూలదండ బిగించి కట్టారు. చుట్టూ వేసిన చెక్క మెట్ల మీద తల్లులు, అక్కచెల్లెళ్లు, వాళ్ల స్నేహితురాళ్లు కొత్త బట్టల్లో కిక్కిరిసి కూర్చున్నారు. మధ్యలో ఫైనలియర్ కుర్రాళ్లు. పొద్దున నీటుగా తయారై ఊరేగింపులో నడిచినవాళ్లే ఇప్పుడు తమ దగ్గరున్న అతి పాత బట్టలు, సొట్టలు పడిన టోపీలు వేసుకుని వచ్చారు. ముందు కాలేజీ భవనాలకి పేరుపేరునా జేజేలు కొట్టారు, తర్వాత ప్రొఫెసర్లకి. సైగ అందగానే ఒకరి భుజాల మీదికి ఒకరు ఎగబాకారు. కింద నుంచి కాళ్లు లాగేవాళ్లు లాగుతున్నారు, చొక్కాలు చిరుగుతున్నాయి. చేతికందిన పూలు తెంపుకుని, ఆయాసపడుతూ, చెమటలు కక్కుతూ తీసుకెళ్లి ఇవ్వాల్సినవాళ్లకి ఇచ్చుకున్నారు.

19వ శతాబ్దం రెండో సగంలో అమెరికాలోని హార్వర్డ్ కాలేజీలో ఏటా జరిగిన తంతు ఇది. ఆ రోజు పేరు క్లాస్ డే.

ఇప్పుడు మేలోనో జూన్‌లోనో పిల్లల గ్రాడ్యుయేషన్ చూడ్డానికి హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో అమెరికా వెళ్లే తల్లిదండ్రులకి కొన్ని యూనివర్సిటీల్లో ఒక చిన్న తికమక ఎదురవుతుంది. నిన్న కూడా కుర్చీలు, ఉపన్యాసం, చప్పట్లు. ఈరోజు కూడా కుర్చీలు, ఉపన్యాసం, చప్పట్లు. నిన్నటిది క్లాస్ డే, ఈరోజుది కామెన్స్‌మెంట్ అంటారు పిల్లలు. రెండు రోజులు దేనికి అని అడిగితే వాళ్లకీ సరిగ్గా తెలియదు. ఆ జవాబు 19వ శతాబ్దంలో ఉంది. మొదట ఈ రెండూ పక్కపక్క రోజులు కూడా కావు. మధ్యలో వారాల తరబడి ఎడం ఉండేది. అంతకంటే ముఖ్యమైన సంగతి, ఒకటి కాలేజీ చేసే పండగ, రెండోది కుర్రాళ్లు తమకు తాము చేసుకునే పండగ.

ముందు కాలేజీ పండగ సంగతి చూద్దాం. హార్వర్డ్ 1636లో మొదలైంది. తొలి కామెన్స్‌మెంట్ 1642 సెప్టెంబర్‌లో జరిగింది, పట్టా తీసుకున్నది తొమ్మిది మంది. కామెన్స్‌మెంట్ అంటే ఆరంభం. చదువు ముగిసిన రోజుని ఆరంభం అనడం వింతగా ఉంటుంది కానీ, పాత యూరప్ యూనివర్సిటీల లెక్కలో పట్టా పుచ్చుకున్నవాడు ఆ రోజు నుంచి పండితుల వరసలో కొత్తగా చేరినట్టు. అందుకే ఆ పేరు.

తొమ్మిది మందితో మొదలైన సభ కొన్ని దశాబ్దాల్లోనే తిరనాళ్లయింది. బోస్టన్ చుట్టుపక్కల జనమంతా, హార్వర్డ్ ఉన్న కేంబ్రిడ్జ్ అనే ఊరి మైదానంలోకి దిగేవారు. గుడారాలు, దుకాణాలు, తాగుడు, తగాదాలు. హార్వర్డ్ నడిపింది ప్యూరిటన్లు, అంటే మడి కట్టుకున్న రకం క్రైస్తవులు. వాళ్లకి ఇది మింగుడుపడలేదు. చివరికి కేకు మీద పడ్డారు. క్రిస్మస్‌కి మన బేకరీల్లో అమ్మే ప్లమ్ కేకు లాంటిదే, పట్టా తీసుకునేవాళ్లు వచ్చినవాళ్లకి పంచేవారు. వేరే ఏ యూనివర్సిటీలోనూ లేని ఈ అలవాటు కాలేజీకి అప్రతిష్ఠ అని 1693లో దాన్ని నిషేధించారు. ఆగలేదు. 1722లో కేకుతో పాటు వండిన మాంసాన్నీ, పై (pie) అనే రకరకాల వంటకాలనీ, సారాయినీ కూడా కలిపి మళ్లీ నిషేధించారు. అప్పుడు కుర్రాళ్లు ఎండుద్రాక్ష తీసేసి సాదా కేకు పంచారట! దాంతో కొన్నేళ్లకి, సాదా కేకు పేరుతో తప్పించుకోవాలని చూసినవాళ్లకి పట్టాయే ఇవ్వమని ఇంకో తీర్మానం. నిబంధనలో 'ప్లమ్' అని రాసినందుకు కేకు ఆగలేదు, ప్లమ్ మాత్రం ఆగింది. ఏ హాస్టల్లో ఉన్నవాళ్లకైనా ఈ లాజిక్ వెంటనే అర్థమవుతుంది.

ఇంత సందడి ఉన్నా ఆ రోజు మీద పెత్తనం కాలేజీదే. ఎవరు మాట్లాడాలో, ఎంతసేపు, ఏ భాషలో, ఏ విషయం మీద మాట్లాడాలో కాలేజీయే చెప్పేది. 19వ శతాబ్దంలో ఈ అవకాశాలు మార్కులని బట్టి పంచేవారు. మంచి ర్యాంకు వస్తే ఒంటరిగా ఉపన్యాసం, మధ్యరకం వాళ్లకి ఇద్దరు ముగ్గురితో కలిసి చర్చ, ఇంకా కిందున్నవాళ్లకి ఏమీ ఉండదు. జోసయ్య క్విన్సీ ప్రెసిడెంటుగా ఉన్న రోజుల్లో, అంటే 1829 నుంచి 1845 దాకా, రోజూ క్లాసులో పాఠం అప్పజెప్పినందుకు ఎనిమిదికి ఇన్ని అని మార్కులు వేసేవారు. ప్రార్థనకి రాకపోయినా, అల్లరి చేసినా ఆ మొత్తంలోంచే కోత. నాలుగేళ్ల కూడికలు, తీసివేతలు అన్నీ అయ్యాక తేలిన అంకె కామెన్స్‌మెంట్ రోజు అందరి ముందూ బయటపడేది. వేదిక మీద ఎవడికి ఏ ముక్క దొరికిందో చూస్తే చాలు, వాడి ర్యాంకు ఊరందరికీ తెలిసిపోయేది.

ఇక కుర్రాళ్ల పండగ ఎలా పుట్టిందంటే, సగం క్యాలెండర్ వల్ల పుట్టింది. అప్పట్లో కామెన్స్‌మెంట్ ఆగస్టు చివర్లో ఉండేది. 1837లో, తర్వాత రచయితగా పేరు తెచ్చుకున్న హెన్రీ డేవిడ్ థోరో పట్టా తీసుకున్న రోజు ఆగస్టు 30. కానీ ఫైనలియర్ వాళ్ల పరీక్షలు అంతకు ఎన్నో వారాల ముందే అయిపోయేవి. ఇళ్లకి వెళ్లిపోవచ్చు. పట్టా తీసుకోవడానికి మళ్లీ రావాలి, కొందరు అసలు రాకపోవచ్చు. అంటే నాలుగేళ్లు కలిసి ఉన్నవాళ్లందరూ ఒక్కచోట ఉండే చివరి రోజు పట్టా రోజు కాదు, పరీక్షలయ్యాక మూటాముల్లె సర్దుకునే రోజు. ఆ రోజు తమలో ఒకణ్ణి ఎన్నుకుని వీడ్కోలు ఉపన్యాసం చెప్పించుకోవడం 18వ శతాబ్దంలోనే మొదలైంది. తర్వాత ఒక కవిని కూడా ఎన్నుకోవడం అలవాటైంది. క్లాస్ డే బీజం ఇదే.

'క్లాస్' అనే మాట దగ్గర కాస్త ఆగాలి. మనం సెక్షన్ అంటాం, బ్రాంచి అంటాం, బ్యాచ్ అంటాం. అప్పటి హార్వర్డ్ క్లాసుకి దగ్గరగా వచ్చే మాట బ్యాచే. అందరూ ఒకే ఏడు చేరతారు, అందరూ అవే పాఠాలు చదువుతారు. గ్రీకు, లాటిన్, లెక్కలు అంతా తప్పనిసరి, ఎంచుకునేదంటూ దాదాపు ఏమీ ఉండదు. యాభై అరవై మంది నాలుగేళ్లు అవే గదుల్లో అవే ముఖాలు చూసుకుంటూ గడుపుతారు. 1770ల మొదటి దాకా జాబితాలో పేర్లు తండ్రి హోదాని బట్టి రాసేవారు. ఆ తర్వాతే అక్షరక్రమం వచ్చింది. అది వచ్చాక క్లాసు లోపల అందరూ పేరుకైనా సమానం. పైన కాలేజీ ఉంది, ఇటు మనం ఉన్నాం అనే భావం దాంతో పాటే గట్టిపడింది.

ఆ 'మనం' ఎంత గట్టిగా ఉండేదో 1823లో తేలింది. క్లాసులో ఒక విద్యార్థిపై తీసుకున్న చర్య అన్యాయమని ఫైనలియర్ వాళ్లు తిరగబడ్డారు. రెబెలియన్ ట్రీ అని పిలుచుకునే చెట్టు కింద చేరి ఒట్లు వేసుకున్నారు. కాలేజీ వెనక్కి తగ్గలేదు. కామెన్స్‌మెంట్ దగ్గర పడుతున్న వేళ, 70 మందిలో 43 మందిని బహిష్కరించింది. వాళ్లలో ఒకడు అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి, రెండేళ్లలో దేశాధ్యక్షుడు కాబోతున్న జాన్ క్విన్సీ ఆడమ్స్ కొడుకు. తండ్రి బతిమాలినా ఫలితం లేకపోయింది. ఆ కుర్రాడికి డిగ్రీ 1873లో వచ్చింది, అప్పటికి అతను చనిపోయి దాదాపు నలభై ఏళ్లు. ఒక్క చెట్టు చుట్టూ చేయి చేయి కలిపి నిలబడటం వీడ్కోలు ఆటగా మారకముందు తిరుగుబాటు కూడా అని గుర్తు పెట్టుకుంటే, తర్వాతి పూల గొడవ కాస్త వేరుగా కనిపిస్తుంది.

క్లాస్ డే కవులు, వక్తల జాబితా చూస్తే ఓటుకీ మార్కుకీ ఉన్న తేడా సరదాగా బయటపడుతుంది. 1821లో కవి రాల్ఫ్ వాల్డో ఎమర్సన్. తర్వాత అమెరికా ఆలోచననే మలుపు తిప్పిన మనిషి. కానీ అప్పటికి ర్యాంకుల్లో 59 మందిలో సరిగ్గా మధ్యలో ఉన్న పద్దెనిమిదేళ్ల కుర్రాడు. పైగా ముందు అడిగిన అరడజను మంది మాకొద్దంటే ఆ పదవి అతని దాకా వచ్చింది. 1838లో క్లాసు ఎన్నుకున్న కవి జేమ్స్ రసెల్ లోవెల్. చదువు పట్టించుకోవడం లేదని కాలేజీ అతన్ని సస్పెండ్ చేసి, కాంకర్డ్ అనే పల్లెలో ఒక పాస్టర్ గారి పర్యవేక్షణలో ఉంచింది. క్లాస్ డే రోజు రావడానికి కూడా వీల్లేదంది. కవి లేకుండానే పండగ జరిగింది, కవిత మాత్రం అచ్చయి చేతుల్లోకి వచ్చింది. కాలేజీ శిక్షించినవాణ్ణి క్లాసు తన గొంతుగా నిలబెట్టుకుంది. ఆ లోవెల్‌నే పదిహేడేళ్ల తర్వాత అదే హార్వర్డ్ ప్రొఫెసర్‌గా పిలిచి కూర్చోబెట్టింది. 1858లో వక్తగా గెలిచిన, తర్వాత చరిత్రకారుడైన హెన్రీ ఆడమ్స్‌కైతే తన క్లాసు తననెందుకు ఎన్నుకుందో ముసలితనంలో కూడా అంతుబట్టలేదు.

1861 నాటి క్లాస్ డే మిగతావాటిలాంటిది కాదు. ఏప్రిల్‌లో అమెరికా అంతర్యుద్ధం మొదలైంది. కవిగా ఎన్నికైన ఆలివర్ వెండెల్ హోమ్స్ జూనియర్ పరీక్షలు కూడా రాయకుండా బోస్టన్ రేవులోని కోటలో సైనిక శిక్షణకి వెళ్లిపోయాడు. తర్వాత తిరిగొచ్చి పరీక్షలు రాశాడు, జూన్‌లో కవిత చదివాడు. వాళ్ల నాన్న 1829 క్లాసుకి కవి. కొడుకు అదే వేదిక ఎక్కిన నాలుగు నెలలకి, అక్టోబర్‌లో, బాల్స్ బ్లఫ్ దగ్గర ఛాతీలో తూటా తగిలింది. బతికాడు. చివరికి సుప్రీంకోర్టు జడ్జి అయ్యాడు. బతకని 136 మంది పేర్లు యుద్ధం తర్వాత కట్టిన మెమోరియల్ హాల్ గోడల మీద ఉన్నాయి. ఆ తర్వాతి క్లాస్ డేల రాత్రి డాన్సులు జరిగింది ఆ భవనంలోనే.

డాన్సు అన్నాను కదా, అది మొదటి నుంచీ లేదు. 1830ల మధ్య దాకా క్లాస్ డే అంటే ముఖ్యంగా తాగుడు. పంచ్ అనే తీపి సారాయిని బకెట్లతో ఆవరణలోకి తెచ్చి, వచ్చినవాడికల్లా పోసేవారు. ఆ దశాబ్దం చివరికొచ్చేసరికి ఈ పద్ధతి మారింది. కాలేజీ నేరుగా నిషేధాల జోలికి పోకుండా ఆడవాళ్లని పిలవమని ప్రోత్సహించింది. బ్యాండ్, పచ్చిక మీద డాన్సు, అక్కచెల్లెళ్లు, వాళ్ల స్నేహితురాళ్లు వచ్చారు. అమ్మ కూర్చుని చూస్తుంటే బకెట్లోంచి సారాయి ముంచుకునే మొనగాడు ఎవడుంటాడు? కేకు మీద పెట్టిన నిషేధాలన్నీ చేయలేనిది ఈ ఒక్క ఏర్పాటు చేసింది. నా లెక్కలో క్విన్సీ మార్కుల పట్టిక కంటే ఇదే ఆ కాలంలో కాలేజీ వేసిన తెలివైన ఎత్తు. పిల్లల పండగని లాక్కోకుండానే దాని తీరు మార్చేసింది.

అయితే ఆడవాళ్లు వచ్చాక ఖర్చు కూడా వచ్చింది. డబ్బున్న కుర్రాళ్లు, క్లబ్బులు తమ తరఫున విందులిచ్చేవారు. వాటిని స్ప్రెడ్స్ అనేవారు. స్ట్రాబెర్రీలు, ఐస్‌క్రీమ్, లాబ్‌స్టర్ సలాడ్. రాత్రి కాగానే ఆవరణంతా జపాన్ కాగితపు లాంతర్లు వెలిగించి, గ్లీ క్లబ్ అనే కాలేజీ గాయక బృందం వాళ్లు పాటలు పాడేవారు. ఎవరి స్ప్రెడ్‌కి ఎవరికి పిలుపు వచ్చిందన్నది పెద్ద టెన్షన్. ట్యూషన్లు చెప్పుకుంటూ చదివే కుర్రాడికి తన చెల్లెల్ని ఎక్కడికి తీసుకెళ్లాలో తెలియని రోజు కూడా అదే. క్లాస్ డే పదవుల ఎన్నికల్లో క్లబ్బుల వాళ్లకీ, ఏ క్లబ్బులోనూ లేనివాళ్లకీ మధ్య తగాదాలు మామూలే. 'మనమంతా ఒకటి' అని చెప్పుకునే రోజునే ఎవరు ఎవరితో ఒకటో స్పష్టంగా కనిపించేది. మన దగ్గర ఫేర్‌వెల్ పార్టీ ఖర్చు సాధారణంగా జూనియర్లది. అక్కడ సీనియర్లే చందాలు వేసుకుని, సీనియర్లే అతిథుల్ని పిలిచేవారు. అందుకే అంతస్తుల తేడా దాచడానికి వీల్లేకపోయింది.

ఇదొక్క హార్వర్డ్ పిచ్చే అనుకోకూడదు. డార్ట్‌మత్ కాలేజీలో ఫైనలియర్ వాళ్లు గుట్ట మీదున్న ముసలి పైన్ చెట్టు చుట్టూ చేరి, మట్టి చిలుములు కాల్చి, ఆ చెట్టుకే కొట్టి పగలగొట్టేవారు. 1887లో ఆ చెట్టు మీద పిడుగు పడింది, 1895లో దాన్ని నరికేశారు. అయినా మోడు మీదే చిలుములు పగలగొట్టడం ఇంకో వందేళ్లు సాగింది. ఆ చిలుములు అక్కడి ఆదివాసులకి పవిత్రమైనవనీ, వాటిని పగలగొట్టడం అవమానమనీ అభ్యంతరం వచ్చాక 1990ల్లో మానుకున్నారు. ఆడపిల్లల కాలేజీలు వచ్చాక వాళ్లవీ కొత్త తంతులు పుట్టాయి. స్మిత్‌లో తెల్ల బట్టలతో నడిచి ఐవీ తీగ నాటడం, వాసర్‌లో డైసీ పూల గొలుసు మోయడం, వెల్లెస్లీలో 1895 నుంచి చెక్క చక్రాలు దొర్లిస్తూ పరుగు పందెం. ఆ పందెం గెలిచిన అమ్మాయికి అందరికంటే ముందు పెళ్లవుతుందని చెప్పుకునేవారు. కాలం మారాక గెలిచినామె పెద్ద కంపెనీకి అధిపతి అవుతుందని మార్చుకున్నారు.

ఐవీ అంటే గుర్తొచ్చింది. హార్వర్డ్‌లోనూ క్లాస్ డే రోజు ఐవీ తీగ నాటి, దాని దగ్గర ఒక ఉపన్యాసం చెప్పేవారు. తీగ నాటడం పోయింది, ఉపన్యాసం మిగిలింది. నాటడానికి ఏమీ లేదు గనక ఆ ఉపన్యాసం పూర్తిగా హాస్యమైపోయింది. ఐవీ ఆరేటర్ అంటే ఈనాటికీ క్లాసుని నవ్వించేవాడనే అర్థం.

1869లో ప్రెసిడెంటైన ఛార్లెస్ ఎలియట్ నలభై ఏళ్లు ఆ కుర్చీలో ఉన్నాడు. నచ్చిన సబ్జెక్టులు ఎంచుకునే పద్ధతిని ఆయన విస్తరించుకుంటూ పోయాడు. చదువుకి మంచిదే అయింది కానీ, పాత అర్థంలో క్లాసు అనేది కరిగిపోయింది. 1890 నాటికి ఒక్కో క్లాసులో మూడు వందల మంది దాకా. ఎవరి పాఠాలు వాళ్లవి, సగం మందికి మిగతా సగం పేర్లు కూడా తెలియవు. వింతేమిటంటే క్లాస్ డే ఆర్భాటం పెరిగింది కూడా సరిగ్గా ఈ రోజుల్లోనే. రోజూ కలిసి ఉన్నప్పుడు అంత అవసరం లేని ఊరేగింపు, చెట్టు చుట్టూ మూక, ఫోటోల ఆల్బమ్, క్లాసులో మొదట పుట్టిన బిడ్డకి ఊయల బహుమతి, ఇవన్నీ కలిసి ఉండటం తగ్గిన కొద్దీ ముఖ్యమయ్యాయి. క్యాలెండర్ కూడా మారింది. కామెన్స్‌మెంట్ ఆగస్టు నుంచి జూన్ చివరికి జరిగి, రెండు పండగలూ పక్కపక్కకి చేరాయి. క్లాస్ డేకి ఉన్న అసలు కారణం, అంటే ఆ వారాల ఎడం, పోయింది. పండగ మాత్రం పోలేదు.

చెట్టు దగ్గర తొక్కిసలాట పెరిగి, చూడ్డానికొచ్చే జనం ఆవరణలో పట్టక, 1890ల చివర్లో పూలదండ ఆట ఆపేశారు. తర్వాత కొన్నేళ్లు జాన్ హార్వర్డ్ విగ్రహం చుట్టూ జేజేలు, రంగు కాగితాలు. తర్వాత కొత్తగా కట్టిన స్టేడియం. పట్టా తీసుకునేటప్పుడు వేసుకునే టోపీలు, గౌన్ల పద్ధతికి అమెరికా కాలేజీలన్నిటికీ కలిపి ఒక కొలత, రంగుల లెక్క కుదిరింది కూడా 1895లోనే. చాలామంది అనుకున్నట్టు అవి అక్కడ అనాదిగా అదే తీరులో ఉన్నవి కావు.

ఇదంతా సరదాల చరిత్రేగా అనిపించవచ్చు. 1890 సంగతి తెలిస్తే అలా అనిపించదు. ఆ ఏడు క్లాస్ డే వక్తగా విద్యార్థులు ఎన్నుకున్నది క్లెమెంట్ మోర్గాన్‌ని. వర్జీనియాలో బానిసల బిడ్డగా పుట్టి, మంగలి పని చేసి చదువుకుని వచ్చిన నల్లజాతి యువకుడు. బోస్టన్ పాత ధనిక కుటుంబాల కుర్రాళ్లకే ఆ పదవులు పోతూ వస్తున్న చోట ఈ ఎన్నిక పత్రికలకెక్కింది. అదే క్లాసులో ఇంకో నల్లజాతి విద్యార్థి ఉన్నాడు, తర్వాత నల్లజాతి హక్కుల కోసం పోరాడిన పెద్ద మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్. వక్తృత్వంలో బాయిల్‌స్టన్ బహుమతి మొదటిది మోర్గాన్‌ది, రెండోది డుబాయిస్‌ది. కామెన్స్‌మెంట్ వక్తల ఎంపిక మాత్రం కాలేజీ కమిటీది. ఇద్దరూ అర్హులే. కానీ ఒకే వేదిక మీద ఇద్దరు నల్లవాళ్లా అన్న దగ్గర ఆగి, మోర్గాన్‌ని తప్పించారని డుబాయిస్ తర్వాత రాశాడు. డుబాయిస్ మాట్లాడాడు, బానిసత్వం కోసం పోరాడిన దక్షిణాది నాయకుడు జెఫర్సన్ డేవిస్ గురించి. ఒకే ఏడు, ఒకే కాలేజీ, ఒకే జూన్ నెల. ఓటు వేసిన రోజున మోర్గాన్‌కి దొరికిన వేదిక, కమిటీ కూర్చున్న రోజున దొరకలేదు.

విద్యార్థులు ఎప్పుడూ కాలేజీ కంటే ఉదారంగా ఉంటారని దీని అర్థం కాదు. స్ప్రెడ్స్ సంగతి చూశాం కదా. కానీ తమ తరఫున ఎవరు మాట్లాడాలో తామే తేల్చుకునే రోజు ఒకటి ఉండటం వల్ల, కాలేజీ ఒక్కతే నిర్ణయిస్తే రాని పేరు అప్పుడప్పుడూ వచ్చేది.

ఆ హక్కు చెట్టుతో పాటు పోలేదు. 1968లో హార్వర్డ్ ఫైనలియర్ వాళ్లు క్లాస్ డేకి మొదటిసారి బయటి వక్తని పిలవాలనుకున్నారు. మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్‌ని పిలిచారు, ఆయన ఒప్పుకున్నారు. ఏప్రిల్ 4న ఆయన్ని కాల్చి చంపారు. జూన్‌లో ఆయన భార్య కొరెట్టా స్కాట్ కింగ్ వచ్చి, ఆయన నిలబడాల్సిన చోట నిలబడి మాట్లాడారు.